వైజాగ్‌లో అరుదైన లగ్జరీ రైలు కోచ్ మోడళ్లు: గుర్తించడం, దాచుకోవడం, నడపడం

నీలిబోగీలు (సీతమ్మధార), శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా మేనమామ మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేశారు. ఓడ హాంబర్గ్‌లోనో జెనోవాలోనో ఆగితే చాలు, బొమ్మల దుకాణాలు వెతుక్కుని చిన్న రైలు కోచ్‌లు కొనేవారు. ఇప్పుడు ఆయన, అత్తయ్య అమెరికాలో కూతురి దగ్గర స్థిరపడుతున్నారు. వెళ్తూ వెళ్తూ ఒక ట్రంకు పెట్టె నాకిచ్చారు.

అందులో ఏడు కోచ్‌లున్నాయి. ఆరు ముదురు నీలం రంగువి. పైన బంగారు రంగు అక్షరాలు, మధ్యలో రెండు సింహాల ముద్ర ఉన్నాయి. ఏడోది కింద వంకాయ రంగు, పైన మీగడ రంగు. కొన్నిటికి అసలు అట్టపెట్టెలున్నాయి, కొన్నిటికి లేవు. ఆఫీసులో ఒకాయన "ఇవి లక్షల్లో పోతాయి, అమ్మేయ్" అంటున్నాడు. నాకు అమ్మాలని లేదు. అసలివి ఏమిటో, నిజంగా అరుదైనవో కాదో తెలుసుకోవాలని ఉంది. మన ఊరి గాలిలో ఎలా ఉంచాలో కూడా చెప్పండి. దుమ్ము బాగా పట్టింది, ఎల్లుండి ఆదివారం తడిగుడ్డతో తుడుద్దామనుకుంటున్నాను.

వాల్తేరు జంక్షన్ (కంచరపాలెం), శుక్రవారం రాత్రి 10:15

బాబూ, ముందు ఆ తడిగుడ్డ పక్కన పెట్టండి. ఏమిటో తేలేదాకా నీళ్లు, స్పిరిట్, కొలిన్ లాంటివేవీ తగలనివ్వకండి. పాత మోడళ్ల మీది బంగారు అక్షరాలు స్పిరిట్ తగిలితే ఊడిపోతాయి. అవి పోతే ఆ కోచ్ విలువలో సగం పోయినట్టే. ఆడవాళ్లు మేకప్‌కి వాడే మెత్తటి బ్రష్ కొత్తది ఒకటి కొని, పొడిగా, పైకప్పు నుంచి కిందికి దులపండి. అంతకు మించి ఇప్పుడేమీ వద్దు.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి ఆ నీలం కోచ్‌లు వాగన్-లీ కంపెనీవి. జార్జ్ నాగెల్‌మాకర్స్ అనే బెల్జియం ఆయన 1870లలో పెట్టిన స్లీపింగ్ కార్ల (పడక బోగీల) కంపెనీ అది. 1883 అక్టోబర్ 4న పారిస్ నుంచి ఇస్తాంబుల్ వైపు ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే లగ్జరీ రైలు బయల్దేరదీసింది వాళ్లే. మొదట్లో వాళ్ల కోచ్‌లన్నీ వార్నిష్ వేసిన టేకువి. 1922లో ఉక్కు బాడీ కోచ్‌లు వచ్చాయి, వాటితో పాటే ఆ నీలం, బంగారు రంగులూ వచ్చాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో బోగీలు చూసే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పని చేసిన మనిషిని. ఇన్ని రంగులు చూశాను గానీ ఆ నీలానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు.

ఇక నాలుగు సంగతులు చూసి చెప్పండి. ఒక్కో కోచ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, బాడీకి అయస్కాంతం అంటుకుంటోందా, అడుగున ఏం రాసి ఉంది, పక్కన ఉన్న నంబరులో ఎన్ని అంకెలున్నాయి. దీపం పెట్టి మెల్లగా చూడండి, తొందరేమీ లేదు.

నీలిబోగీలు, శనివారం సాయంత్రం 6:05

వాల్తేరు జంక్షన్ గారూ, చాలా థాంక్స్ అండి. తుడవలేదు.

నీలం వాటిలో నాలుగు కోచ్‌లు దాదాపు 27 సెంటీమీటర్లు. వాటికి అయస్కాంతం అంటలేదు, ప్లాస్టిక్ బాడీ. మిగతా రెండూ 24 సెంటీమీటర్లు, వీటికి గట్టిగా అంటుకుంది. వంకాయ రంగుది కూడా 27 ఉంది, ప్లాస్టిక్కే. పొడుగు నాలుగింటిలో మూడింటికి నాలుగంకెల నంబరు, ఒకదానికి మాత్రం పన్నెండంకెల పొడవాటి నంబరు. పొట్టి రెండింటి అడుగున మెర్క్‌లిన్ అని ఉంది. ఇంకో సంగతి, పెట్టెల్లో ఉన్న స్పాంజి పసుపు రంగుకి తిరిగి చేతికి జిగురుగా అంటుతోంది. ట్రంకులో కలరా ఉండలు కూడా వేసి ఉన్నాయి, ఆ వాసన ఇల్లంతా పట్టేసింది.

సముద్రగాలి (లాసన్స్ బే), శనివారం సాయంత్రం 6:20

కలరా ఉండలు వెంటనే తీసేయండి! ఇది చదివిన నిమిషంలోనే తీసేయండి. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఈ కోచ్ బాడీల్లో చాలావరకు ఆ ప్లాస్టిక్కే. పట్టుచీరలకు చేసినట్టు వీటికి చెయ్యకూడదు. కోచ్‌లను ట్రంకులోంచి తీసి, ఎండ పడని గదిలో బల్ల మీద తెల్ల నూలు గుడ్డ పరిచి రెండు రోజులు గాలికి ఉంచండి. కిటికీ మూసే ఉండాలి, ఫ్యాన్ చాలు.

ఆ స్పాంజి పాలియురెథేన్. వయసు మీద పడితే అది విరిగిపోయి, జిగురై, పెయింటుకి అతుక్కుంటుంది. తేమ ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది. దాన్నీ తీసి పారేయండి, కానీ అట్టపెట్టెను మాత్రం ఉంచండి.

నీలిబోగీలు, శనివారం సాయంత్రం 6:55

తీసేశాను సముద్రగాలి గారూ. కోచ్‌లన్నీ ఇప్పుడు బల్ల మీద ఉన్నాయి.

నెక్కార్ తీరం (స్టుట్‌గార్ట్), శనివారం రాత్రి 8:30

నేను ఎంవీపీ కాలనీలో పెరిగి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినవాణ్ణి. మెర్క్‌లిన్ కంపెనీ ఊరు గోపింగెన్ మాకు దగ్గరే. ఇలాంటి కోచ్‌లు ఇక్కడి సెకండ్ హ్యాండ్ బొమ్మల మేళాల్లో చాలా చూశాను కాబట్టి కొంత చెప్పగలను.

1929లో వచ్చిన ఎల్‌ఎక్స్ రకం వాగన్-లీ స్లీపింగ్ కార్ అసలు పొడవు 23.45 మీటర్లు. ఈ మోడళ్ల హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అసలు దానిలో 87వ వంతు. భాగించి చూడండి, 269 మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది. మీ పొడుగు కోచ్‌లు 27 సెంటీమీటర్లంటే, వాటిని పొడవు కుదించకుండా సరిగ్గా స్కేలు ప్రకారం చేశారన్నమాట. 24 సెంటీమీటర్లవి మెర్క్‌లిన్ వాళ్ల పాత రేకు కోచ్‌లు. చిన్న వంపుల్లో కూడా తిరగాలని కావాలనే పొడవు తగ్గించారు. వాటి అచ్చు పని, రేకు మీద రంగు ముద్రణ చూడముచ్చటగా ఉంటాయి. నాకు స్వయంగా చాలా ఇష్టం. కానీ దశాబ్దాల పాటు తయారైన సరుకు అది, అరుదు అనలేం.

నంబరు సంగతికొస్తే, పన్నెండంకెల నంబర్లు యూరప్‌లో 1960ల చివర్లో వచ్చాయి. కాబట్టి ఆ ఒక్క కోచ్ మిగతా మూడింటి కాలానిది కాదు. సేకర్తలు యూరప్ రైల్వే చరిత్రను కాలఘట్టాలుగా విడగొట్టుకుంటారు. నాలుగంకెల నంబరువి రెండో ఘట్టమో మూడో ఘట్టమో అవుతాయి, ఇది నాలుగోది. దానిమీద టీఈఎన్ అనే మూడు రోమన్ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. 1971లో యూరప్‌లోని పలు రైల్వేలు తమ స్లీపింగ్ కార్లను ఒక ఉమ్మడి పూల్‌లోకి తెచ్చాక ఆ గుర్తు వచ్చింది. అది నీలం పక్కన మామూలుగానే కనిపిస్తుంది గానీ, ఆ కోచ్ 1930ల రైల్లో కలిపితే తప్పవుతుంది.

వంకాయ రంగుది రైన్‌గోల్డ్. 1928 మే 15న హాలండ్ తీరం నుంచి రైన్ నది వెంట బాజిల్ దాకా మొదలైన జర్మన్ లగ్జరీ రైలు. అందులో భోజనం, సర్వీసు చూసింది మిట్రోపా. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1916లో, వాగన్-లీకి పోటీగా పుట్టిన కంపెనీ. అంటే మీ మామయ్య గారు ఒకే ట్రంకులో ఇద్దరు పోటీదారుల్ని పెట్టారు. రైన్‌గోల్డ్ కోచ్‌లను మెర్క్‌లిన్, ట్రిక్స్, లిలిపుట్ చేశాయి. ఎక్కువగా సెట్టుగా అమ్మేవాళ్లు కాబట్టి ఒంటరి కోచ్‌కి ధర తక్కువ. దాని తోడు కోచ్‌లు దొరికితేనే అందం.

గేజ్ 16.5 (గోపాలపట్నం), శనివారం రాత్రి 9:10

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మెర్క్‌లిన్ హెచ్‌ఓ మూడు పట్టాల పద్ధతి. మధ్యలో చిన్న చిన్న మేకుల వరస నుంచి ఇంజను కరెంటు తీసుకుంటుంది. రెండు పక్క పట్టాలూ ఒకే ధ్రువం కాబట్టి వాళ్ల చక్రాల ఇరుసుకి ఇన్సులేషన్ ఉండదు. మన దగ్గర చాలామంది వాడేది రెండు పట్టాల డీసీ. ఆ పట్టాల మీద మెర్క్‌లిన్ కోచ్ పెట్టారంటే అక్కడికక్కడే షార్ట్. మల్టీమీటర్ తీసి ఎడమ చక్రం మీద ఒక మొన, కుడి చక్రం మీద ఒక మొన పెట్టండి. బీప్ మంటే ఆ చక్రాలు మార్చాల్సిందే. ఇటలీ, ఫ్రాన్స్ కంపెనీల కోచ్‌లకు సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు. అయినా ఒక్కోటీ చూడండి, ఎందుకంటే పాత యజమానులు చక్రాలు మార్చి ఉండొచ్చు.

సముద్రగాలి, ఆదివారం ఉదయం 7:45

తేమ గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఏ కోచ్ ఎంత అరుదు అన్నదానికన్నా మన ఊళ్లో మొదట పట్టించుకోవాల్సింది ఇదే. ఇక్కడ ఎన్నో నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది, ఆ పైన ఉప్పు. జర్మనీలోనో స్విట్జర్లాండ్‌లోనో యాభై ఏళ్లు అల్మరాలో చెక్కుచెదరకుండా ఉన్న కోచ్ ఇక్కడ రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి హాల్లోకి నీళ్లు వచ్చాయి. తరవాత చాలా రోజులు కరెంటు లేదు. కింది అరలో ఉన్న పెట్టెలు నానిపోయాయి. ఇల్లు సర్దుకుని తెరిచేసరికి ఇరుసులు ఎర్రగా తుప్పు పట్టాయి, స్పాంజి పైకప్పులకు ముద్దగా అంటుకుపోయింది. పై అరలో గాలి చొరని డబ్బాల్లో ఉన్నవాటికి మాత్రం ఏమీ కాలేదు. అప్పటి నుంచి నేను అన్నీ అలాగే ఉంచుతున్నాను. వంటింట్లో వాడే నాలుగు వైపులా క్లిప్పులున్న డబ్బాలు, లోపల ఆమ్లం లేని తెల్ల టిష్యూ కాగితం, ఒక సిలికా జెల్ సంచీ, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్. అందులో అంకె 45, 50 శాతం మధ్యలో నిలబడాలి. సిలికా జెల్ నారింజ రంగు గింజలది కొనండి. రంగు మారగానే ఓవెన్లో వంద డిగ్రీల పైన కాసేపు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. ఏసీ గదిలోంచి తీసిన డబ్బా వెంటనే బయట తెరవకండి, చల్లటి లోహం మీద తేమ చెమటలా పడుతుంది. ఓ గంట ఆగి తెరవండి.

ఇంకోటి ఉంది, దానికి మందు లేదు. చక్రాల ఫ్రేములు, అడుగుభాగం పోత పోసిన జింక్ మిశ్రమంతో చేస్తారు. పోతలో సీసం లాంటి మలినాలు కలిసి ఉంటే ఏళ్లు గడిచాక లోహం లోపల్నుంచే ఉబ్బి, పగిలి, చివరికి పొడైపోతుంది. వేడి, తేమ దాన్ని త్వరపెడతాయి. ఒక కోచ్ నుంచి ఇంకోదానికి అంటదు, ఆ భయం పెట్టుకోకండి. కానీ అది మొదలైన కోచ్ కొనకుండా ఉండటం మేలు. టార్చి వేసి అడుగున సన్నటి వెంట్రుక పగుళ్లు, వంకర తిరిగిన అంచులు ఉన్నాయేమో చూడండి.

శిమిలిగూడ 996 (మర్రిపాలెం), ఆదివారం ఉదయం 11:00

గురువుగార్లందరికీ నమస్కారం. డబ్బాల్లో దాచడం గురించి ఇంత చెప్పారు, నడపడం గురించి నేను చెబుతాను. ఈ కోచ్‌లు పట్టాల మీద తిరగడానికి పుట్టాయి. కోచ్ లోపలి బల్లల మీది చిన్న దీపాలు వెలుగుతూ, వరసగా ఆ నీలం కిటికీలు వంపు తిరుగుతుంటే చూడకపోతే కొనడం ఎందుకు?

27 సెంటీమీటర్ల కోచ్‌కి మొదటి సైజు, అంటే 360 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు సరిపోదు, కోచ్ మధ్యభాగం లోపలికి, చివర్లు బయటికి పొడుచుకొస్తాయి. మన 8 బై 4 ప్లైవుడ్ షీటు వెడల్పు 1220 మిల్లీమీటర్లు. అంచులు వదిలితే 550 వ్యాసార్ధం హాయిగా పడుతుంది. దాని మీద ఇవి చాలా బాగుంటాయి. లోపల పాత బల్బులుంటే వెలిగించి వదిలేయకండి, వేడికి పైకప్పు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. వాటి బదులు ఎల్‌ఈడీ స్ట్రిప్, కరెంటు దిశ సరిచేసే ఒక బ్రిడ్జ్ రెక్టిఫైయర్, కరెంటు తగ్గించే రెసిస్టర్, మినుకు ఆగడానికి ఒక కెపాసిటర్ పెట్టొచ్చు. అన్నీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనే దొరుకుతాయి. పాత బల్బు హోల్డర్‌ను కత్తిరించకుండా పక్కన పెట్టుకుంటే, రేపు ఎవరికైనా అసలు స్థితిలో కావాలంటే తిరిగి బిగించవచ్చు.

వాల్తేరు జంక్షన్, ఆదివారం మధ్యాహ్నం 2:20

తమ్ముడూ, నడపాలన్న మాట నాకూ నచ్చింది. కానీ అన్నిటినీ కాదు. రేకు కోచ్‌లు రెండూ నడపండి, అవి గట్టివి. పైగా దొరుకుతాయి. నాలుగంకెల నంబరున్న మూడింటినీ మాత్రం ముందు ఒక్కొక్కటిగా నంబరుతో సహా గుర్తించాలి. నా దృష్టిలో అరుదు అంటే పెట్టె మీద 'లిమిటెడ్' అని రాసి ఉండటం కాదు. ఈ మోడల్ ఏ అసలు కోచ్‌ని చూపిస్తోంది, ఆ నంబరు కోచ్ ఆ రంగుల్లో ఆ ఏడాది నిజంగా ఉందా, ఆ అక్షరాలు ఆ కాలానివేనా అన్నది. ఇవన్నీ సరిపోయిన కోచ్‌లు తక్కువ. చాలా కంపెనీలు ఒకే అచ్చు మీద రకరకాల కాలాల రంగులు పూసి అమ్మేశాయి.

నంబరు ఎంత పెద్ద సంగతో ఒక ఉదాహరణ. వాగన్-లీ డైనింగ్ కార్ 2419. 1918 నవంబర్ 11న మొదటి ప్రపంచ యుద్ధ విరమణ సంతకాలు ఆ కోచ్‌లోనే జరిగాయి. 1940 జూన్ 22న హిట్లర్ ఫ్రాన్స్ చేత అదే కోచ్‌లో సంతకం పెట్టించాడు. యుద్ధం చివర్లో అది నాశనమైంది. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని కాంపియేన్‌లో మనం చూసేది అదే శ్రేణిలోని 2439. పక్కన రాసిన నాలుగంకెలే ఒక మామూలు భోజనాల కోచ్‌ని చరిత్రలో నిలబెట్టాయి. మోడల్ కొనేవాడు ఆ అంకెల్ని చదవకపోతే ఏం కొన్నట్టు?

శిమిలిగూడ 996, ఆదివారం మధ్యాహ్నం 3:05

ఒప్పుకుంటాను. అయితే ఒక బాధ కూడా చెప్పుకోవాలి. లగ్జరీ అనగానే అందరం పారిస్, ఇస్తాంబుల్ వైపే చూస్తాం. పునరుద్ధరించిన పాత కోచ్‌లతో వెనిస్ సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది 1982 మేలో. మన ప్యాలెస్ ఆన్ వీల్స్ అదే ఏడాది జనవరి 26న, నాలుగు నెలల ముందే బయల్దేరింది. సంస్థానాల కాలం నాటి సెలూన్లు, అంటే పెద్దల ప్రత్యేక బోగీలు, మీటర్ గేజ్ మీద! ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూన్, 1899 నాటి మైసూరు మహారాజా సెలూన్ నిలబడి ఉన్నాయి. వీటికి మంచి మోడళ్లు ఎక్కడ? మనమే చేసుకోవాలి.

నేను చేస్తున్నది మన అరకు విస్టాడోమ్. 2017 ఏప్రిల్‌లో కిరండూల్ పాసింజరుకి తగిలించిన కోచ్, పెరంబూరు ఐసీఎఫ్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైంది. అద్దాల పైకప్పు, చుట్టూ తిరిగే 40 సీట్లు. జర్మన్లు 1962 రైన్‌గోల్డ్‌కి అద్దాల గుమ్మటం ఉన్న కోచ్‌లు పెట్టారు. మొత్తం ఐదే చేశారు, వాటి మోడళ్లు మాత్రం ఎన్నో కంపెనీలు చేశాయి. మన కోచ్ 58 సొరంగాల దారిలో అనంతగిరి కొండలెక్కుతుంది. దానికి ఒక్క మోడల్ అయినా ఉండొద్దా?

గేజ్ 16.5, ఆదివారం సాయంత్రం 5:30

శిమిలిగూడ గారూ, నా పేరులోనే ఉన్న చిక్కు మీకు తెలిసిందే. హెచ్‌ఓలో రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది యూరప్‌లోని 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన వస్తుంది. అంటే విస్టాడోమ్‌ని మామూలు పట్టా మీద పెడితే వెడల్పాటి బాడీ కింద కాళ్లు దగ్గరికి పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. దాన్ని సరిగ్గా చేయాలంటే పట్టా కూడా చేత్తోనే వేసుకోవాలి. ప్యాలెస్ ఆన్ వీల్స్ మీటర్ గేజ్ సెలూన్లయితే 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది, అది దాదాపు సరిపోతుంది. నన్నడిగితే ముందు సెలూన్ చేయండి.

శిమిలిగూడ 996, ఆదివారం సాయంత్రం 5:50

చూస్తాను. కానీ ఒక్క మాట, విస్టాడోమ్ నేను ఎక్కిన కోచ్. కొలతలు తీసుకోవడానికి నాకు దగ్గరగా ఉన్నది అదే. ఐసీఎఫ్ బాడీ 21.3 మీటర్ల పైచిలుకు, హెచ్‌ఓలో ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. మన కొత్త రకం కోచ్ ఎల్‌హెచ్‌బీ అయితే 23.54 మీటర్లు. గమనించారా, 1929 నాటి ఆ ఎల్‌ఎక్స్ స్లీపర్‌కీ మన ఎల్‌హెచ్‌బీ కోచ్‌కీ పొడవులో పెద్ద తేడా లేదు.

నెక్కార్ తీరం, ఆదివారం రాత్రి 9:00

ఇది నేనెప్పుడూ పోల్చి చూడలేదు! బాగుంది.

నీలిబోగీలు గారూ, అమ్మకం గురించి కూడా రెండు ముక్కలు. ఆన్‌లైన్‌లో అడిగే ధరలు చూసి లెక్కేసుకోకండి, అమ్ముడైన ధరలు మాత్రమే చూడండి. మెర్క్‌లిన్‌కయితే కోల్ కేటలాగ్ అని ఇక్కడ సేకర్తలు వాడే ధరల పుస్తకం ఉంది. అసలు పెట్టె, లోపలి కాగితం, కదలని అక్షరాలు, మార్చని చక్రాలు ఉంటే విలువ పెరుగుతుంది. 'లక్షల్లో' అన్న మాట మీ ఏడింటికీ పొసగదు. అయినా ఆ సేకరణ చిన్నదేం కాదు. ఇండియాలో ఇవి కొనడం ఇంకా కష్టమవుతోంది. 2020 బడ్జెట్‌లో దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 అయింది. ఒకసారి దేశం దాటి బయటికి పోతే తిరిగి తెచ్చుకోవడం మాటలు కాదు. మనలో మనం మార్చుకోవడమే మంచిది.

నీలిబోగీలు, సోమవారం రాత్రి 9:25

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ రోజు టార్చి వేసి అన్నీ చూశాను. పన్నెండంకెల కోచ్ మీద టీఈఎన్ అక్షరాలు ఉన్నాయి, నెక్కార్ తీరం గారు చెప్పినట్టే. పొడుగు నాలుగూ మల్టీమీటర్‌కి బీప్ మనలేదు, రేకువి రెండూ బీప్ మన్నాయి. నాలుగంకెలవాటిలో ఒకదాని అడుగు ఫ్రేము అంచున వెంట్రుకంత పగులు ఉంది. అది చూసి కాస్త టెన్షన్ వచ్చింది. మామయ్యకి ఫోన్ చేస్తే, ఆ కోచ్ జెనోవాలో కొన్నదే అన్నారు, 'నడిపించు, చూసుకుంటూ కూర్చోకు' అని కూడా అన్నారు.

కాబట్టి ఏదీ అమ్మడం లేదు. రేకు కోచ్‌లు రెండింటికీ చక్రాలు మార్పించి నడుపుతాను. రైన్‌గోల్డ్ తోడు కోచ్ ఎవరి దగ్గరైనా ఉంటే, నా టీఈఎన్ కోచ్‌తో మార్పిడికి సిద్ధం. పగులున్నదానికి ఏం చేయాలి?

సముద్రగాలి, సోమవారం రాత్రి 9:50

దాన్ని విడిగా, పొడి డబ్బాలో ఉంచండి. నడపొద్దు, బిగించొద్దు, ఆ పగులులో జిగురు వేయొద్దు. తేదీ వేసి ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఆరు నెలల తరవాత మళ్లీ ఒకటి తీసి పక్కన పెట్టి చూడండి. పగులు పెరగకపోతే అది పోతలో వచ్చిన చిన్న లోపమే కావచ్చు. పెరిగితే అడుగు ఫ్రేమును మాత్రం కొలిచి కొత్తది 3డీ ప్రింట్ చేయించుకోవచ్చు, బాడీ దక్కుతుంది. శిమిలిగూడ గారి దగ్గర రెజిన్ ప్రింటర్ ఉంది కదా.

శిమిలిగూడ 996, సోమవారం రాత్రి 10:05

ఉంది. కొలతలు ఇప్పుడే తీసి పెట్టండి, ఫ్రేము వంకర తిరిగాక తీస్తే తప్పు వస్తాయి. వెర్నియర్ నేను తెస్తాను.

గేజ్ 16.5, సోమవారం రాత్రి 10:30

రేకు కోచ్‌ల చక్రాలు ఆర్డర్ చేసే ముందు పాత ఇరుసు ఒకటి తీసి మొన నుంచి మొన దాకా కొలిచి ఇక్కడ రాయండి. అర మిల్లీమీటర్ తేడా ఉన్నా కొత్త ఇరుసు బిగుసుకుపోతుంది, లేదా ఊడి పడుతుంది. చక్రం వ్యాసం కూడా కావాలి, లేకపోతే కోచ్ ఎత్తు మారి, కోచ్‌లను జతచేసే కప్లింగులు కలవవు. ఎవరికైనా ఇవే చక్రాలు కావాలంటే రేపటిలోగా చెప్పండి, ఒకే పార్సిల్‌లో తెప్పిద్దాం.

వాల్తేరు జంక్షన్, సోమవారం రాత్రి 10:40

నాకు రెండు కోచ్‌లకు సరిపడా రాసుకోండి.